తొలి పరిశోధనకు గణాంకాలు: ఒక కాలేజీ సర్వేను మొదటి నుంచి చివరి దాకా నడిపే పద్ధతి

డిగ్రీ, పీజీ ప్రాజెక్టుల్లో చాలామంది ఒకే వరసలో పని చేస్తారు. ముందు టైటిల్ ఖాయం చేసుకుంటారు. ప్రశ్నావళి తయారు చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. వచ్చిన జవాబులను ఎక్సెల్‌లోకి దించుతారు. సబ్మిషన్ దగ్గర పడ్డాక, లెక్కలు తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి "సార్, దీనికి ఏ టెస్టు వేయాలి?" అని అడుగుతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. ఎవరిని అడగాలి, ఎంతమందిని అడగాలి, ఏం కొలవాలి, దేన్ని దేనితో పోల్చాలి అన్నవన్నీ గణాంకశాస్త్రం మొదట్లోనే తేల్చాల్సిన సంగతులు. అక్కడ తప్పు జరిగితే చివర్లో ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు.

1938లో కలకత్తాలో జరిగిన తొలి భారత గణాంక మహాసభలో బ్రిటిష్ గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ ఇదే మాట చెప్పారు. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను పిలవడమంటే పోస్టుమార్టం చేయమని అడగడమేనని, ఆ ప్రయోగం దేనివల్ల చచ్చిపోయిందో మాత్రమే ఆయన చెప్పగలడని. ఆ మాట నేటికీ మన ప్రాజెక్టులకు అక్షరాలా వర్తిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా డేటా చేతికి రాకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

ఒకే ఉదాహరణను పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఒక మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. 600 మంది విద్యార్థినులు, 300 మంది హాస్టల్లో ఉంటారు, 300 మంది డే స్కాలర్లు. వాళ్లలో రక్తహీనత ఎంత ఉందో తెలుసుకోవాలి. ఈ కాలేజీ, దాని అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. సూత్రాలు, వైద్య ప్రమాణాలు, ప్రభుత్వ సర్వే అంకెలు మాత్రం నిజమైనవి. విషయం కూడా ఊరికే ఎంచుకున్నది కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగం మందికి పైగా అన్నమాట.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి

"డిగ్రీ విద్యార్థినుల్లో రక్తహీనత: ఒక అధ్యయనం" అన్నది టైటిల్ అవుతుంది గానీ ప్రశ్న కాదు. ప్రశ్నలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ కొలత అన్న నాలుగూ ఉండాలి. ఇలా: "ఈ విద్యా సంవత్సరం ఈ కాలేజీలో చదువుతున్న 600 మందిలో, హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాళ్లు ఎంత శాతం?" ఇది ప్రధాన ప్రశ్న. "హాస్టల్ వాళ్లకూ డే స్కాలర్లకూ ఇందులో తేడా ఉందా?" అన్నది రెండో ప్రశ్న.

ఏది ప్రధానమో ఏది తర్వాతిదో ముందే రాసి, తేదీ వేసి, గైడ్ సంతకం తీసుకోండి. డేటా చూశాక ఏ ప్రశ్నకు మంచి ఫలితం వస్తే దాన్ని ప్రధాన ప్రశ్నగా మార్చుకోవాలనే కోరిక ఎవరికైనా కలుగుతుంది. ఆ సంతకం ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

పరికల్పన గురించి ఒక మాట. ప్రతి ప్రాజెక్టులోనూ పరికల్పన ఉండి తీరాలన్నది అపోహ. "ఎంత శాతం?" అన్న ప్రశ్నకు పరికల్పన అక్కర్లేదు, అంచనా కావాలి. పోలిక ఉన్నచోటే పరికల్పన పుడుతుంది. "రెండు గుంపుల మధ్య తేడా లేదు" అన్నది శూన్య పరికల్పన. "తేడా ఉంది" అన్నది ప్రత్యామ్నాయ పరికల్పన.

రెండో అడుగు: మీ పద్ధతి ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో చూసుకోండి

ఒకే సమయంలో ఒకసారి కొలిచి వదిలేస్తే అది అడ్డకోత అధ్యయనం. ఇప్పుడు ఎంతమందికి ఉందో అది చెబుతుంది, ఎందుకు వచ్చిందో తేల్చలేదు. జబ్బు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ తీసుకుని వెనక్కి వెళ్లి కారణాలు వెతికితే కేస్ కంట్రోల్ పద్ధతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి వెంబడిస్తే కోహార్ట్. ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది లాటరీతో పంచితే యాదృచ్ఛిక ప్రయోగం. 1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకాను పరీక్షించినప్పుడు లక్షలాది పిల్లల్ని ఇలా లాటరీ పద్ధతిలోనే పంచారు. లాటరీ వేస్తే రెండు గుంపులూ మనకు తెలిసిన విషయాల్లోనే కాక తెలియని విషయాల్లో కూడా దాదాపు సమానమవుతాయి. దాని బలమంతా అందులోనే ఉంది.

అడ్డకోత అధ్యయనం ఎలా మోసగిస్తుందో చూడండి. మన కాలేజీలో ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ల హిమోగ్లోబిన్ వేసుకోనివాళ్ల కంటే తక్కువగా కనిపించే అవకాశం బాగా ఉంది. మాత్ర రక్తాన్ని తగ్గించిందా? కాదు. రక్తం తక్కువ ఉన్నవాళ్లకే డాక్టరు మాత్ర రాస్తారు. ఏది ముందో ఏది వెనకో ఒక్క రోజు తీసిన కొలత చెప్పలేదు.

మూడో అడుగు: ఎవరిని ఎంచుకోవాలి

ఈ అడుగు దగ్గర కాస్త నిదానించాలి, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు ఇక్కడే దెబ్బతింటాయి.

మనం ఎవరి గురించి మాట్లాడాలనుకుంటున్నామో ఆ మొత్తం గుంపు జనాభా. మన కేసులో 600 మంది. అందులోంచి మనం కొలిచేవాళ్లు నమూనా, అందరూ శాంపిల్ అనేది. శాంపిల్ పెద్దదైతే చాలు సరైనదవుతుందని చాలామంది నమ్ముతారు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి పోస్టు కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో ఊహించుకోవచ్చు. పైగా పిలిచినవాళ్లలో ఎక్కువ మంది జవాబే ఇవ్వలేదు. మీ గూగుల్ ఫారమ్‌కు వచ్చిన జవాబులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. లింకు చూసినవాళ్లు, ఖాళీ ఉన్నవాళ్లు, ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రమే నింపుతారు.

యాదృచ్ఛికం అంటే "ఎవరు కనిపిస్తే వాళ్లు" కాదు. జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం ముందే తెలిసి ఉండాలి. క్యాంటీన్ దగ్గర నిలబడి పిలిచినవాళ్లు యాదృచ్ఛిక శాంపిల్ కారు. టిఫిన్ మానేసే అమ్మాయి క్యాంటీన్ దగ్గర కనిపించదు, రక్తహీనత సర్వేలో ఆ అమ్మాయే ముఖ్యం.

చేసే పద్ధతి ఇది. ఆఫీసు నుంచి రోల్ నంబర్ల జాబితా తీసుకోండి. హాస్టల్ వాళ్లది ఒక షీటు, డే స్కాలర్లది ఇంకో షీటు. ఇలా గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపు నుంచి తీయడాన్ని స్తరిత ప్రతిచయనం అంటారు. ఎక్సెల్‌లో రోల్ నంబరు పక్క కాలమ్‌లో రాండ్ (RAND) ఫంక్షన్ వేసి కిందిదాకా లాగండి. ప్రతి నంబరు పక్కనా సున్నాకూ ఒకటికీ మధ్య ఒక దశాంశ సంఖ్య వస్తుంది. ఆ కాలమ్‌ను కాపీ చేసి అక్కడే విలువలుగా పేస్ట్ చేయండి. ఈ పని మరిచిపోతే షీటు ముట్టుకున్న ప్రతిసారీ సంఖ్యలు మారిపోతాయి, ఎవరిని ఎంచుకున్నారో మీకే తెలియకుండా పోతుంది. తర్వాత ఆ కాలమ్ ప్రకారం వరస మార్చి పైనుంచి కావాల్సినంతమందిని తీసుకోండి. ఈ ఫైలును అలాగే దాచండి. వైవాలో "శాంపిల్ ఎలా తీశారు?" అని అడిగితే ఇదే మీ జవాబు.

ఎంపికైన అమ్మాయి ఆ రోజు రాకపోతే పక్క రోల్ నంబరును తీసుకోకండి. మళ్లీ వెళ్లండి, ఇంకోసారి వెళ్లండి. తరచూ సెలవు పెట్టేవాళ్లలో నీరసంగా ఉండేవాళ్లు ఎక్కువ ఉండవచ్చు. వాళ్లను వదిలేస్తే మీ అంచనా నిజం కంటే తక్కువకు పడిపోతుంది.

నాలుగో అడుగు: ఎంతమంది కావాలి

శాతం అంచనా వేయడానికి వాడే సూత్రం తేలికే. 95 శాతం నమ్మకంతో చెప్పడానికి వాడే అంకె 1.96. దాన్ని దానితోనే గుణించండి, 3.84 వస్తుంది. దాన్ని అంచనా నిష్పత్తితో, ఒకటిలోంచి ఆ నిష్పత్తి తీసేస్తే మిగిలిన దానితో గుణించండి. మీరు ఒప్పుకునే పొరపాటు హద్దును దానితోనే గుణించి, ఆ విలువతో భాగించండి.

అంచనా నిష్పత్తి ఎక్కడి నుంచి తేవాలి? పాత సర్వేల నుంచి. జాతీయ సర్వే చూసి మనం 0.58 తీసుకుందాం. హద్దు 5 శాతం, అంటే 0.05. అప్పుడు 3.84 × 0.58 × 0.42 = 0.935. దాన్ని 0.0025తో భాగిస్తే 374 పైచిలుకు, కాబట్టి 375. పాత సర్వే ఏదీ దొరక్కపోతే 0.5 వేసుకోండి, 384 పైచిలుకు, అంటే 385 వస్తుంది. అన్ని థీసిస్‌లలో కనిపించే 384, 385ల పుట్టుక ఇదే.

కానీ మన కాలేజీలో ఉన్నదే 600 మంది. జనాభా చిన్నదైతే సవరణ చేయాలి: 375ను, 1 + (374 ÷ 600) తో భాగించాలి. అంటే 375 ÷ 1.623, సుమారు 231. కొందరు ఒప్పుకోరు, కొందరు దొరకరు కాబట్టి హాస్టల్ నుంచి 130, డే స్కాలర్ల నుంచి 130, మొత్తం 260 మందిని ఎంచుకుందాం.

ఈ లెక్క ప్రధాన ప్రశ్నకు మాత్రమే సరిపోతుంది. రెండు గుంపులను పోల్చడానికి వేరే లెక్క ఉంది. ఒక గుంపులో 65 శాతం, ఇంకో గుంపులో 50 శాతం ఉందనుకుందాం. ఆ తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకు సుమారు 167 మంది కావాలి. ఈ 80 శాతాన్ని పరీక్ష శక్తి అంటారు, పవర్ అన్నా అదే. గుంపుకు 120 మందే ఉంటే పవర్ 66 శాతం దగ్గరే ఆగిపోతుంది. నిజంగా తేడా ఉన్నా మూడింట ఒకసారి మన పరీక్ష దాన్ని చూడలేదు. పోలికే మీ ప్రధాన ప్రశ్న అయితే 167తో మొదలుపెట్టాలి. ప్రశ్నను ముందే ఖాయం చేసుకోమన్నది ఇందుకే.

ఐదో అడుగు: కొలత

మనిషి నుంచి మనిషికి మారే ప్రతి విషయమూ చలరాశి. బ్లడ్ గ్రూపుకు పేర్లే ఉంటాయి, వరస ఉండదు. రక్తహీనత తీవ్రతకు వరస ఉంటుంది: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. హిమోగ్లోబిన్ విలువ అంకె. ఏ రకం చలరాశి అన్నదాన్ని బట్టే తర్వాత ఏ లెక్క కుదురుతుందో తేలుతుంది. అంకెగా దొరికేదాన్ని ఎప్పుడూ అంకెగానే రాసుకోండి. "రక్తహీనత ఉంది/లేదు" అని టిక్కు పెడితే 11.8 ఉన్న అమ్మాయీ 7.2 ఉన్న అమ్మాయీ ఒకటైపోతారు. అంకె చేతిలో ఉంటే వర్గాలు ఎప్పుడైనా చేసుకోవచ్చు, వర్గం నుంచి అంకె తిరిగి రాదు.

గర్భవతులు కాని మహిళలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హద్దులు ఇవి: 11.0 నుంచి 11.9 స్వల్పం, 8.0 నుంచి 10.9 మధ్యస్థం, 8 కంటే తక్కువైతే తీవ్రం.

కొలతకు రెండు గుణాలు ఉండాలి. మళ్లీ కొలిచినా అదే రావడం విశ్వసనీయత. కొలవాలనుకున్నదాన్నే కొలవడం సప్రమాణత. వేలి నుంచి రక్తం తీసేటప్పుడు ధార సరిగా రాలేదని వేలిని గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలుచబడుతుంది, అంకె తక్కువ వస్తుంది. ప్రతిసారీ పిండితే ప్రతిసారీ తక్కువే వస్తుంది. కొలత స్థిరంగానే ఉంటుంది గానీ సరైనది కాదు. మొదటి చుక్కను తుడిచేసి, తనంతట తాను వచ్చే తర్వాతి చుక్కను తీసుకోవాలి. అందరికీ ఒకే మీటరు వాడండి. మొదలుపెట్టే ముందు ఒక చిన్న గుంపుకు ఇద్దరు వేర్వేరుగా కొలిచి అంకెలు పోల్చుకోండి. వీలైతే నరం నుంచి తీసిన రక్తాన్ని ల్యాబులో పరీక్షించడం మేలు.

ప్రశ్నావళి కూడా కొలత సాధనమే. "మీరు ఆకుకూరలు బాగా తింటారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "గడిచిన 7 రోజుల్లో ఎన్ని రోజులు ఆకుకూర తిన్నారు? తోటకూర, పాలకూర, గోంగూర, మెంతికూర అన్నీ లెక్కే" అని అడగండి. "టీ, కాఫీ తాగుతారా?" కూడా సరైన ప్రశ్న కాదు, రెండు ప్రశ్నలు ఒకటిగా కలిశాయి. పైగా మనకు కావాల్సింది అన్నంతో పాటే టీ తాగుతారా అన్నది, ఎందుకంటే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నెలసరి గురించిన ప్రశ్నలు అడిగేది ఆడవాళ్లే అయి ఉండాలి, పక్కన ఇంకెవరూ ఉండకూడదు. ప్రశ్నావళి పూర్తయ్యాక శాంపిల్‌లో లేని కొద్దిమందితో నింపించి చూడండి. ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నారో, ఎక్కడ "అంటే ఏంటి అక్కా?" అని అడుగుతున్నారో గుర్తు పెట్టుకుని ఆ ప్రశ్నలు మార్చండి.

ఆరో అడుగు: అనుమతులు

మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో జాతీయ నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చాకే రక్తం తీయాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఆ అమ్మాయికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ఇంటర్ అయిన వెంటనే డిగ్రీలో చేరినవాళ్లలో కొందరికి 18 ఏళ్లు నిండి ఉండవు. వాళ్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి, అమ్మాయి అంగీకారం రెండూ కావాలి. లెక్చరరు క్లాసులో నిలబడి "అందరూ ఇవ్వాల్సిందే" అంటే అది సమ్మతి కాదు.

తీవ్ర రక్తహీనత బయటపడితే ఏం చేస్తారో కూడా ముందే రాసుకోండి. అంకె 8 కంటే తక్కువ వచ్చిన అమ్మాయికి అదే రోజు విడిగా చెప్పాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ప్రభుత్వాసుపత్రికో చీటీ రాసి పంపాలి. రిపోర్టు సబ్మిట్ అయ్యేదాకా ఆగే విషయం కాదిది.

ఏడో అడుగు: డేటా షీటు

ఒక మనిషికి ఒక వరస, ఒక చలరాశికి ఒక కాలమ్. పేరు బదులు కోడ్ నంబరు, పేర్లున్న జాబితా వేరే చోట తాళం వేసి. జవాబు రాకపోతే గడిని ఖాళీగా వదలండి. సున్నా పెడితే అది సున్నాగానే లెక్కలోకి వెళ్తుంది. రంగులతో అర్థం చెప్పకండి, సాఫ్ట్‌వేరుకు రంగు కనిపించదు. ఒక గడిలో "11.3 గ్రా" అని రాస్తే అది అంకె కాకుండా పోతుంది. అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, కాపీ మీద పని చేయండి. వీలైతే ఇద్దరు వేర్వేరుగా ఎంట్రీ చేసి రెండు షీట్లను సరిపోల్చండి.

ఎనిమిదో అడుగు: ముందు డేటాను కళ్లతో చూడండి

తొమ్మిది మంది విలువలు తీసుకుందాం: 7.2, 10.4, 10.9, 11.3, 11.8, 12.1, 12.4, 12.6, 13.0. అన్నీ కూడి తొమ్మిదితో భాగిస్తే సగటు 11.3. వరసలో నడిమిది, అంటే ఐదోది, మధ్యగతం: 11.8. సగటు కిందికి జారడానికి కారణం ఆ 7.2. ఎక్కువసార్లు వచ్చిన విలువ బాహుళకం, ఇక్కడ ఏదీ రెండుసార్లు రాలేదు కాబట్టి దాంతో పని లేదు.

ఇప్పుడు ఎంట్రీ చేసేవాళ్లు 12.4లో చుక్క మరిచిపోయి 124 కొట్టారనుకోండి. సగటు 23.7కు ఎగిరిపోతుంది. మధ్యగతం మాత్రం 11.8 దగ్గరే ఉంటుంది. అందుకే ఏ టెస్టూ వేయకముందు ప్రతి కాలమ్‌కూ కనిష్ఠం, గరిష్ఠం, సగటు, మధ్యగతం తీసి చూడాలి. సగటుకూ మధ్యగతానికీ మధ్య పెద్ద ఎడం కనిపిస్తే ఎంట్రీ తప్పయినా ఉండాలి, విలువలు ఒకవైపుకు ఒరిగి అయినా ఉండాలి. కుటుంబ ఆదాయం లాంటివి దాదాపు ఎప్పుడూ ఒకవైపుకే ఒరిగి ఉంటాయి, వాటికి మధ్యగతమే రాయండి.

విలువలు ఎంత చెల్లాచెదరుగా ఉన్నాయో ప్రామాణిక విచలనం చెబుతుంది. పై తొమ్మిది విలువల్లో ఒక్కోదాని నుంచి 11.3 తీసేసి, ఆ తేడాల వర్గాలు కూడితే 24.46. దాన్ని 8తో, అంటే ఉన్నవాళ్ల కంటే ఒకటి తక్కువతో భాగించి వర్గమూలం తీస్తే 1.75. ఒక్కసారైనా ఇది కాగితం మీద చేయండి. తర్వాత జీవితాంతం సాఫ్ట్‌వేరుకే వదిలేయవచ్చు.

తొమ్మిదో అడుగు: అంచనా, దాని హద్దులు

మన సర్వేలో 260 మందిలో 240 మందికి పరీక్ష జరిగిందనుకుందాం, ఒక్కో గుంపులో 120. హాస్టల్లో 78 మందికి, డే స్కాలర్లలో 60 మందికి రక్తహీనత. మొత్తం 138, అంటే 57.5 శాతం. ఇక్కడితో ఆగకూడదు. ఇంకో 240 మందిని తీసి ఉంటే 55 రావచ్చు, 60 రావచ్చు. ఆ ఊగిసలాట ఎంతో చెప్పేది ప్రామాణిక దోషం. 0.575 × 0.425ను 240తో భాగించి వర్గమూలం తీస్తే 0.032. 600లో 240 మందిని, అంటే నూటికి 40 మందిని కొలిచేశాం, కొలవనివాళ్లు నూటికి 60 మందే కాబట్టి దాన్ని 0.6 వర్గమూలంతో, అంటే 0.775తో గుణించాలి. దాన్ని 1.96తో గుణిస్తే సుమారు 4.8 శాతం. కాబట్టి అంచనా 57.5 శాతం, 95 శాతం విశ్వాసాంతరం 52.7 నుంచి 62.3. ముందు అనుకున్న 5 శాతం హద్దు లోపలే ఉన్నాం.

ఈ 95కు అర్థం ఇది: ఇలాగే మళ్లీ మళ్లీ శాంపిల్ తీసి ప్రతిసారీ అంతరం లెక్కిస్తే, నూటికి దాదాపు 95 అంతరాలు అసలు విలువను కలుపుకుంటాయి. శాంపిల్ తీయడంలో పక్షపాతం ఉంటే ఈ హామీ పనికిరాదు. లిటరరీ డైజెస్ట్ అంతరం లెక్కించి ఉంటే అది చాలా ఇరుకుగా, చాలా తప్పుగా వచ్చేది.

ఒక శాంపిల్ నుంచి ఎంత కచ్చితత్వం రాబట్టగలమో దానికి ఒక హద్దు ఉందని 1945లో చూపించినవారిలో మన సి.ఆర్. రావు ఒకరు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించిన మహలనోబిస్ దగ్గర చేరిన ఆయనకు అప్పటికి 25 ఏళ్లు. క్రామెర్-రావు అసమానత అన్న పేరుతో ప్రపంచమంతా అది చదువుకుంటోంది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనకు వచ్చింది. తెలుగు విద్యార్థులు ఈ శాస్త్రాన్ని చూసి బెదరాల్సిన పని లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఆధారం కనిపించదు.

పదో అడుగు: పోలిక, పి-విలువ

హాస్టల్లో 65 శాతం, డే స్కాలర్లలో 50 శాతం. తేడా 15. ఇది శాంపిల్ అదృష్టమా, నిజమైన తేడానా?

రెండు వైపులా ఉన్నవి వర్గాలు కాబట్టి కై-స్క్వేర్ పరీక్ష సరిపోతుంది. తేడా లేదనే అనుకుంటే 138 మంది రెండు గుంపుల్లో సమానంగా, 69 చొప్పున ఉండాలి. రక్తహీనత లేనివాళ్లు 51 చొప్పున. మనకు వచ్చినవి 78, 60, 42, 60. ప్రతి గడిలోనూ తేడా 9. 9 వర్గం 81. 81ని 69తో రెండుసార్లు, 51తో రెండుసార్లు భాగించి కూడితే 5.52. ఇలా రెండు వరసలు, రెండు కాలమ్‌ల పట్టికకు స్వాతంత్ర్య పరిమాణం (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) ఒకటి, అప్పుడు 5 శాతం స్థాయికి హద్దు 3.84. దాన్ని దాటింది. పి-విలువ సుమారు 0.019.

దీని అర్థం: రెండు గుంపుల మధ్య నిజంగా తేడా లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ కేవలం శాంపిల్ ఊగిసలాట వల్ల కనిపించే అవకాశం నూటికి రెండు. అంతే. "శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం 2 శాతం" అని కాదు. "తేడా పెద్దది" అని కూడా కాదు. తేడా ఎంతో తెలియాలంటే దాని విశ్వాసాంతరం రాయాలి: 15 శాతం, 2.6 నుంచి 27.4 దాకా. ఈ అంతరం చూస్తే మనకు ఎంత తెలుసో ఎంత తెలియదో వెంటనే అర్థమవుతుంది. నా మటుకు నేను పి-విలువ ఒక్కటే రాసిన రిపోర్టు కంటే అంతరం ఒక్కటే రాసిన రిపోర్టునే ఎక్కువ నమ్ముతాను.

వర్గాల బదులు హిమోగ్లోబిన్ సగటులను పోల్చాలంటే టీ-టెస్టు. హాస్టల్ సగటు 11.4, డే స్కాలర్లది 11.9, ఇద్దరికీ ప్రామాణిక విచలనం 1.5 అనుకుంటే టీ విలువ 2.58, తేడా 0.5 గ్రాములు, అంతరం 0.12 నుంచి 0.88. ఈ పరీక్షను 1908లో విలియం గాసెట్ స్టూడెంట్ అన్న మారుపేరుతో ప్రచురించారు. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పని చేస్తూ, చిన్న శాంపిళ్లతో నెట్టుకురావాల్సి వచ్చి కనుక్కున్న పద్ధతి అది.

0.05 అన్న గీత దేవుడు గీసింది కాదు, ఫిషర్ 1920ల్లో సౌకర్యం కోసం సూచించినది. 0.049 వస్తే సంబరం, 0.051 వస్తే టెన్షన్ అక్కర్లేదు. అసలు భయపడాల్సింది వేరే ఉంది. చేతిలో ఉన్న ప్రతి చలరాశినీ రక్తహీనతతో పోల్చి చూస్తూ పోతే, ఎక్కడా ఏ సంబంధమూ లేకపోయినా, 20 స్వతంత్ర పరీక్షల్లో కనీసం ఒకటి 0.05 కంటే తక్కువ వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాన్ని ఏరి రిపోర్టు రాస్తే అది పరిశోధన కాదు. ఎన్ని పరీక్షలు వేశారో అన్నీ రాయండి.

పదకొండో అడుగు: కారణం అనే ముందు

హాస్టల్ తిండి వల్లే రక్తహీనత అని రాయాలనిపిస్తుంది. ఆగండి. కుటుంబ ఆదాయం ప్రకారం విడగొట్టి చూద్దాం. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల నుంచి హాస్టల్లో 90 మంది, అందులో 63 మందికి రక్తహీనత, 70 శాతం. అదే ఆదాయం ఉన్న డే స్కాలర్లు 40 మంది, 28 మందికి ఉంది, అదీ 70 శాతమే. మిగతా కుటుంబాల నుంచి హాస్టల్లో 30 మందిలో 15, 50 శాతం. డే స్కాలర్లలో 80 మందిలో 32, 40 శాతం.

కూడి చూసుకోండి, 78, 60 అలాగే వస్తాయి. కానీ కథ మారిపోయింది. తక్కువ ఆదాయం వాళ్లలో తేడా సున్నా. రెండు గుంపుల్లోనూ ఆదాయ వర్గాలు ఒకే నిష్పత్తిలో ఉంటే శాతాలు ఎంత ఉండేవో లెక్కిస్తే హాస్టల్‌కు 60.8, డే స్కాలర్లకు 56.3 వస్తాయి. 15 శాతం తేడా నాలుగున్నరకు దిగింది. హాస్టల్లో పేద కుటుంబాల పిల్లలు ఎక్కువ ఉండటమే మొదటి తేడాలో పెద్ద భాగం. ఇలా మధ్యలో దూరి లెక్కను తారుమారు చేసే మూడో చలరాశిని కన్‌ఫౌండర్ అంటారు. ప్రశ్నావళిలో ఆదాయం గురించి అడిగి ఉండకపోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. అందుకే ఏయే కన్‌ఫౌండర్లు ఉండవచ్చో డేటా తీయకముందే కూర్చుని ఆలోచించాలి. ఇలాంటివి రెండు మూడు ఉంటే అన్నిటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకునే లాజిస్టిక్ రిగ్రెషన్ అనే పద్ధతి వాడతారు, జమోవి, ఆర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో అది దొరుకుతుంది.

పన్నెండో అడుగు: రాయడం

600 మందిలో 260 మందిని ఎంచుకున్నాం, 240 మందికి పరీక్ష జరిగింది, 20 మంది ఎందుకు తప్పుకున్నారు అన్నది ఫలితాల మొదటి పేరాలోనే రావాలి. ప్రతి శాతం పక్కనా అసలు సంఖ్య ఉండాలి: 240లో 138, 57.5 శాతం. 57.4987 లాంటి దశాంశాలు వద్దు, 240 మంది శాంపిల్ అంత కచ్చితత్వాన్ని మోయలేదు. "దారితీసింది", "వల్ల" లాంటి మాటలు ఎక్కడెక్కడ వాడారో వెతికి, మీ పద్ధతి ఆ మాటను భరిస్తుందో లేదో చూడండి. భరించకపోతే "తో పాటు కనిపించింది" అని మార్చండి. ఈ ఫలితం ఈ కాలేజీకే పరిమితమని రాయండి. జిల్లాకంతటికీ వర్తింపజేస్తే, 600 మందికి చేసిన సవరణ కూడా చెల్లదు.

తేడా కనిపించకపోతే ఆ సంగతి కూడా రాయాలి, శాంపిల్ ఎంత తేడాను పట్టుకోగలిగేదో చెబుతూ. పేర్లు తీసేసిన డేటా షీటు, ప్రశ్నావళి, శాంపిల్ తీసిన ఫైలు గైడ్‌కు అప్పగించండి, వచ్చే ఏడు ఇంకో విద్యార్థి అదే కాలేజీలో మళ్లీ కొలవడానికి పనికొస్తాయి. కాలేజీకి తెలుగులో ఒక పేజీ నోట్ ఇవ్వండి: ఎంతమందికి ఉంది, అందులో తీవ్రమైనవి ఎన్ని, టిఫిన్ మానేసేవాళ్లు ఎందరు, హాస్టల్ మెనూలో ఆకుకూర వారానికి ఎన్నిసార్లు వస్తోంది. పరీక్ష చేయించుకున్న ప్రతి అమ్మాయికీ తన అంకె ఉన్న చీటీ తన చేతికే ఇవ్వండి, నోటీసు బోర్డు మీద జాబితా పెట్టనివ్వకండి.